ఖుద్దూస్ పెట్టిన వంకర పన్ను

బోధన్‌లో పెళ్లికి పిలిస్తే ఖుద్దూస్ పెళ్లికొడుకును చూసేవాడు కాదు, పెళ్లికూతురినీ చూసేవాడు కాదు. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషుల నోళ్లు చూసేవాడు. ఎవరో ఒకరు నవ్వించే మాట అనేదాకా ఓపికగా కాచుకుని ఉండి, నోళ్లు తెరుచుకోగానే ఒకటి, రెండు అని వేళ్లు ముడిచేవాడు. పై వరసలో ఎడమ పక్కన, పెద్ద ముందుపన్నును ఆనుకుని ఉన్న పన్ను గోటి మందం లోపలికి తిరిగి ఉంటే అది అతని చేతి పని. ఆ ఒక్క పన్ను వంకర పెట్టకుండా ఖుద్దూస్ ఏనాడూ కట్టుడు పళ్లు చెయ్యలేదు.

అది తండ్రి షౌకత్ మియా నేర్పిన పద్ధతి. "మనిషి చేసింది మరీ నిఖార్సుగ ఉండొద్దు బేటా. ఒక తప్పు ఇడిసిపెట్టు. పైనున్నోడు సూసి నవ్వుకుంటడు, కిందున్నోడు సూసి అసలు పండ్లే అనుకుంటడు" అనేవాడాయన. దిష్టి కూడా తగలదు. ఎవరి పన్ను వాళ్లకు తెలుసు కానీ, ఊళ్లో సగంమంది ముసలివాళ్ల నోళ్లలో అదే పన్ను అదే వైపుకు తిరిగి ఉందని తనకూ భార్య వాజిదాకూ తప్ప మూడో మనిషికి తెలియదని ఖుద్దూస్ నమ్మకం.

ఆత్మారాం పటేల్ డెబ్బై ఏళ్లకు ఒక్క పన్నూ కదలని మనిషిగా పేరు పొందినవాడు. నాలుగు ఊళ్ల చెరకు రైతుల ముందు ఇకిలించి చూపి, "అంత యాపపుల్ల మహిమ" అనేవాడు. మొహానికి రుమాలు చుట్టుకుని ఖుద్దూస్ ఇంటి వెనక తలుపు తట్టిన సంగతి చెప్పేవాడు కాదు. ఖుద్దూస్ కూడా ఎవరికీ చెప్పలేదు. కాకపోతే పెళ్లి విందులో పటేల్ ఎదురుగా చేరి, "పటేలా, గా యాపచెట్టు యాడున్నదో జర చెప్పరాదు. మా వాజిదాకు గూడ ఒక పుల్ల ఇరుసుకపోత" అనేవాడు. పటేల్ నోరు మళ్లీ విస్తరి వేసేదాకా తెరుచుకునేది కాదు.

ఖుద్దూస్ దుకాణం అంటే బస్టాండు బయట నాలుగు రేకులు. ఒక అద్దాల పెట్టె, ఎర్రగుడ్డ మీద పేర్చిన పళ్లు, స్పిరిట్ దీపం, మైనం బిళ్లలు, రెండు దవడల అచ్చులను కలిపి పట్టడానికి ఎవరి ఇంటి తలుపుదో ఒక పాత మడతబందు. పైన సినిమా బోర్డులు రాసే వాడితో వేయించిన నోటి బొమ్మ ఉండేది. అందులో ముప్పై ఎనిమిది పళ్లున్నాయి. ఎక్కువయ్యాయి కదా అని ఎవరైనా అంటే, "తక్కువుంటె తప్పు గాని ఎక్కువుంటె ఏంది?" అనేవాడు.

ఎనభై తొమ్మిది, తొంభై ఆ ప్రాంతం. ఒకరోజు పొద్దున ఇస్త్రీ ప్యాంటు వేసుకున్న కుర్రవాడొకడు వచ్చి దుకాణం పక్కన నిలబడ్డాడు. నిజామాబాద్ బస్సు కోసం అన్నట్టు రోడ్డు వంక చూస్తున్నాడు. బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. మూడో బస్సు కూడా పోయాక ఖుద్దూస్ మైనం కత్తి కింద పెట్టాడు.

"డాక్టర్ సాబ్, మూడు బస్సులు పోయినయి. నాలుగోది గూడ పోతె ఇగ నోరన్న తెరువాలె, నడిసన్న పోవాలె."

కుర్రవాడు ఉలిక్కిపడ్డాడు. "నేను డాక్టర్నని మీకెట్ల ఎరుక?"

"జిల్లా అంత ఎరుకే. నీ బోర్డు రాసినోడే నా బోర్డు రాసిండు. ఇంట్ల గోడకు మొకం తిప్పి పెట్టిన్రట గదా."

నిజమే. నిజామాబాద్‌లో బట్టల దుకాణం నడిపే లింగం కొడుకు మార్కండేయ. రష్యాలో అయిదేళ్లు పళ్ల వైద్యం చదివి వచ్చాడు. రాగానే తండ్రి బోర్డు రాయించాడు. కానీ బయటి దేశంలో చదివినవాళ్లు పట్నంలో చేతిపని పరీక్ష ఇచ్చి పాసైతే తప్ప ఇక్కడ ఒక్క నోరూ ముట్టరాదన్నారు. ఏడాదికి ఒకసారి పరీక్ష, మొత్తం మూడు అవకాశాలు. రెండు అయిపోయాయి.

"పీకుడుల పాసైన చాచా," అన్నాడు మార్కండేయ తల వంచుకుని. "పెట్టుడుల ఫెయిల్. మైనంల పండ్లు మనమే నిలబెట్టాలె అంటరు. గక్కడ మేం కొలత తీసి పంపిస్తుంటిమి. ఎనుక రూములున్న మెకానిక్ చేసిచ్చేది."

ఖుద్దూస్ మొహం వెలిగిపోయింది. "అంటే గంత దూరం పోతె గాడ గూడ ఒక ఖుద్దూస్ ఉన్నడన్నమాట!"

ఆ సాయంత్రం ఇంట్లో వాజిదా చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇంట్లో వాళ్ల మాట ఉర్దూలో నడిచేది. ఆవిడ అన్నదాని సారం ఇదీ: పిల్లాడికి పని నేర్పుతానంటున్నావు, వాడు రేపు పాసవుతాడు, ఎల్లుండి లైసెన్సుతో బోర్డు పెడతాడు, ఆ మరునాడు నీ రేకులు ఎవరు పీకుతారో నువ్వే చూసుకో. నీకు ఏ కాగితం ఉందని? పళ్లు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు, నువ్వు ఆ రాయిని ఇంటికి పిలిచి చాయ్ పోస్తున్నావు. కనీసం నీ జోలికి రానని వాడితో ఒట్టయినా వేయించుకో.

"ఒట్టు అడిగితే పాఠం బేరమైపోతుంది," అన్నాడు ఖుద్దూస్. మళ్లీ తనే, "ముప్పై ఏళ్లు అయింది వాజిదా. ఎప్పుడిస్తవు అని అడిగినవాళ్లే తప్ప ఎట్లా చేస్తవు అని అడిగినవాడు లేడు" అన్నాడు. వాజిదా గరిటె దించి, పప్పు కలపడానికి లోపలికి పోయింది.

కానీ ఖుద్దూస్ మరీ అంత అమాయకుడు కాదు. అచ్చు తీయడం చెప్పాడు, పై దవడ మీద కింది దవడ ఎక్కడ ఆనాలో చెప్పాడు, ఒక్కో పన్నును వేడి మైనంలో ఎట్లా నాటాలో చెప్పాడు. ఇరవై ఏడు పళ్లు పెట్టాక, "డాక్టర్ సాబ్, గీ చాయ్ జర పట్టుకరాపో" అని పంపేవాడు. మార్కండేయ రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి ఇరవై ఎనిమిదో పన్ను తన చోట గోటి మందం తిరిగి కూర్చుని ఉండేది. రేకులు పోతే పోనీ, ఆ పన్ను మాత్రం తనతోనే ఉండాలనుకున్నాడు.

చిక్కు రోగి దగ్గర వచ్చింది. పరీక్షకు రోగిని అభ్యర్థే తెచ్చుకోవాలి. నోట్లో ఒక్క పన్ను ఉండకూడదు, ఇంతకు ముందు కట్టుడు పళ్లు పెట్టుకుని ఉండకూడదు. ఖుద్దూస్ బోధన్ అంతా మనసులో వెతికాడు. బోసినోరు కనబడితే చాలు పళ్లు పెట్టేసిన పాపం ఇప్పుడు తగిలింది. ఊరి మొత్తం మీద ఖాళీగా మిగిలిన నోరు ఒక్కటే. అది బీడీలు చుట్టే శంకరమ్మది. ఆమె ఖుద్దూస్‌తో మాట్లాడి తొమ్మిదేళ్లయింది.

తొమ్మిదేళ్ల కింద ఆమె చివరి పన్ను పీకింది ఖుద్దూసే. ఊడిపోయే ముందు ఆ పన్ను తన పని తాను చేసి పోయింది, అతని బొటనవేలు కొరికింది. ఖుద్దూస్ ఎగిరి గంతేసి, బజారంతా వినేట్టు, "గీమె పన్ను పీకిన గాని లాభం లేదు, పీకాల్సింది నాలుకను" అన్నాడు. అందరూ నవ్వారు. శంకరమ్మ నెత్తురు ఉమ్మేసి వెళ్లిపోయింది, పళ్లు పెట్టించుకోవడానికి మళ్లీ రాలేదు.

ఇద్దరూ కలిసి ఆమె ఇంటికి వెళ్లేసరికి శంకరమ్మ అరుగు మీద చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"శంకరక్కా..."

"ఎవలు బిడ్డా గా పక్కనున్న ముసలోడు?" అంది మార్కండేయతో. "బొటనవేలు మంచిగనే ఉన్నదా?"

ఖుద్దూస్ వేలు చాపి చూపాడు. ఇంకా మచ్చ ఉంది. శంకరమ్మ దాన్ని తీరిగ్గా పరీక్షించి, పాత సామాను పదిలంగా ఉందని తృప్తిపడినట్టు తల ఊపింది.

"తప్పయింది అక్కా. గా నాలుక మాట అనొద్దుండె."

"బజార్ల అన్నవు. గిప్పుడు ఇంట్ల తప్పయిందంటె ఎట్ల?"

అట్లా ఖుద్దూస్ మరునాడు బస్టాండు ముందు, రెండు బస్సుల ప్రయాణికులు చూస్తుండగా గట్టిగా తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత గానీ శంకరమ్మ నోరు తెరవలేదు. తెరిచాక మూయలేదు కూడా.

పాఠాల దగ్గర ఆమె రోజూ వచ్చి కూర్చునేది. మార్కండేయకు అన్నీ వచ్చాయి, ఒక్కటి రాలేదు. మైనం బిళ్లను దీపం మీద మెత్తబరచి, లోపల గాలి లేకుండా బిగువుగా కడ్డీలా చుట్టాలి. చిగుళ్ల అచ్చు మీద ఆ కడ్డీని వంచి, పళ్లను దాంట్లోనే నాటాలి. అతను చుడితే పొరల మధ్య సందులు పడేవి, పళ్లు పట్టు తప్పేవి. ఖుద్దూస్ అరిచాడు, బతిమాలాడు, వేలు పట్టుకుని తిప్పాడు. ఓ రోజు శంకరమ్మకు ఓపిక చచ్చిపోయింది.

"ఇటియ్యి బిడ్డా. గట్ల చుడితె మా సేట్ బీడీ తీసుకుంటడా? కట్ట కట్ట ఇసిరి కొడుతడు."

వేడి బిళ్ల తీసుకుని, ఒడిలో పెట్టుకుని, బొటనవేళ్లతో అంచు మడిచి ఒక్క తిప్పు తిప్పింది. సందు లేని కడ్డీ. ఖుద్దూస్ దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ముప్పై ఏళ్లలో తాను అంత బాగా చుట్టలేదని అతనికి తెలిసిపోయింది. పైకి మాత్రం, "నడుస్తది" అన్నాడు.

తర్వాత నెల రోజులూ రష్యా డాక్టరు శంకరమ్మ అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టాడు.

పరీక్ష మాఘమాసంలో పడింది. పరాయి మగపిల్లాడితో ఒక్కదాన్నే పట్నం రానని శంకరమ్మ పట్టుబట్టడంతో ఖుద్దూస్ ఆమెకు అన్నగా వెంట వెళ్లాడు. పెద్ద హాలులో ఎనిమిది కుర్చీలు, ఎనిమిది బోసినోళ్లు. రోగుల వెంట వచ్చినవాళ్లకు గోడ పక్కన బెంచీ. ఖాళీగా ఉంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయని శంకరమ్మ వరండాలో చాట పరిచింది. కాపలావాడు వచ్చి తీయించేసరికి ఒక కట్ట అయిపోయింది.

మొదటి రోజు అచ్చులు, కొలతలు. మార్కండేయ మైనం చుడుతుంటే మెడలో తాడుకు కళ్లద్దాలు వేలాడేసుకున్న పెద్ద పరీక్షకుడు ఆగి చూశాడు. "ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇట్లా చుట్టడం?"

"బోధన్‌ల సర్."

పెద్దాయన తలాడించి ముందుకు పోయాడు. బెంచీ మీద ఖుద్దూస్ మీసం సవరించుకున్నాడు.

రెండో రోజు పళ్లు నాటడం. మధ్యాహ్నానికి మార్కండేయ వేళ్లు ఏ బెరుకూ లేకుండా నడుస్తున్నాయి. పది అడుగుల దూరం నుంచి ఖుద్దూస్ ఒక్కో పన్నును లెక్క పెడుతున్నాడు. కింది వరస అయింది. పైన కుడి పక్క అయింది. ఎడమ పక్క పెద్ద ముందుపన్ను నిలబడింది. దాని పక్కది మైనంలోకి దిగింది. దిగి, గోటి మందం లోపలికి తిరిగింది.

ఖుద్దూస్ బెంచీ మీంచి సగం లేచాడు. అది నేర్పలేదు కదా! సంతోషం పొంగిందో భయం పొంగిందో అతనికే తెలియలేదు. ఇది పట్నం పరీక్ష, ఇక్కడ పళ్లు దండలో మల్లెల్లా వరస తప్పకూడదు. గట్టిగా దగ్గాడు. మార్కండేయ తిరిగి చూసి, బాగా వస్తోంది చాచా అన్నట్టు కళ్లు ఎగరేశాడు. ఖుద్దూస్ మళ్లీ దగ్గాడు, పన్ను చూపించాడు, వేలు వంకర చేసి చూపించాడు. కాపలావాడు వచ్చి, "క్షయ ఉంటే బయట కూర్చో పెద్దాయనా" అన్నాడు.

ఇంతలో పెద్ద పరీక్షకుడు వచ్చేశాడు. మైనం పళ్లు శంకరమ్మ నోట్లో పెట్టించి, నవ్వమన్నాడు. కొరకమన్నాడు. అద్దాలు ముక్కు మీదికి తెచ్చుకున్నాడు.

"అంతా బాగుంది. మరి ఈ పన్నేమిటి? ఇది తప్పు కదా. ఇట్లాంటి పని ఫుట్‌పాత్ మీద చేస్తారు."

మార్కండేయ అప్పుడు చూశాడు ఆ పన్నును. మొహంలో నెత్తురు లేదు. గోడ పక్కన ఖుద్దూస్ తల దించుకున్నాడు. మూడో అవకాశం, ఆఖరి అవకాశం, తన పన్ను వల్ల పోతోంది. పోతే తన రేకులు మిగులుతాయి. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి సిగ్గేసింది.

పెద్దాయన శంకరమ్మ నోట్లోంచి పళ్లు తీయబోయాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగు సారూ. గది తప్పు గాదు, నేనే పెట్టమన్న."

"నువ్వా?"

"నా పన్ను పుట్టుకతోని గట్లనే ఉండె. పెండ్లి సూపులల్ల మా ఆయన గా వంకర పన్ను సూసే ఒప్పుకున్నడు. ఆయన పోయి ఎనిమిదేండ్లాయె. రేపు నేను పైకి పోతె గుర్తు పట్టొద్దా? దండలెక్క పండ్లు పెట్టుకోని పోతె, ఎవలమ్మా నువ్వు అంటడు. నీ పూచీ ఉంటదా?"

హాలులో పక్క కుర్చీల్లోని బోసినోళ్లన్నీ ఒకేసారి నవ్వాయి. పెద్దాయన కూడా నవ్వు ఆపుకోలేక అద్దాలు తీసి తుడుచుకున్నాడు. పక్కనున్న చిన్న పరీక్షకుడితో, "రోగి పాత ముఖం ఎట్లా ఉండేదో అడిగి తెలుసుకుని చేశాడు. మిగతా ఏడుగురిలో ఒక్కడికీ ఆ ఆలోచన రాలేదు" అన్నాడు. కాగితం మీద ఏదో రాశాడు. మార్కండేయ ఇంకా మాట్లాడలేదు. అదే మంచిదైంది.

తిరుగు బస్సు ఇందల్వాయి దాటింది. అప్పుడు ఖుద్దూస్ అన్నాడు: "శంకరక్కా, నీ పండ్లు పీకింది నేనే. నీ పన్ను దారం కట్టి గీసినట్టు నిటారుగ ఉండె."

"ఉండె."

"మరి?"

"మా వాడకట్టుల తొమ్మిది మంది నోట్ల గదే పన్ను గట్లనే తిరిగున్నది. ఒకలిదైతె పుట్టుక, తొమ్మిది మందిదైతె ఖుద్దూసన్న. ఊరంత ఎరుకే. నువ్వు ముచ్చట పడుతున్నవని ఎవలం అనలే."

ఖుద్దూస్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అటు తిరిగే మార్కండేయను అడిగాడు, "నీకెట్ల తెలిసింది?"

"చాయ్‌కి పంపినప్పుడల్ల ఒక పన్ను తిరిగేది చాచా. చాయ్‌కి, పన్నుకు ఏం సంబంధమా అని సూసిన. పెట్టాలని పెట్టలే. చేతులే పెట్టినయి."

మార్కండేయ పాసైన కాగితం వచ్చింది. గోడకు తిప్పిన బోర్డు బోధన్ బస్టాండు ఎదురుగా మేడ మీద వెలిసింది. అయిదు రోజులు అతను రేకుల వైపు రాలేదు. "చూశావా" అంది వాజిదా మొదటి రోజు. రెండో రోజూ అంది. మూడో రోజు నుంచి అనడం మానేసింది, అది ఖుద్దూస్‌కు ఇంకా కష్టంగా తోచింది.

ఆరో రోజు మార్కండేయ ఇద్దరు కూలీలతో వచ్చాడు. వస్తూనే అద్దాల పెట్టె ఎత్తించాడు. ఖుద్దూస్ లేచి నిలబడ్డాడు. ఏ మాటా అనకూడదని పొద్దుననే అనుకున్నాడు. మడతబందు మాత్రం చేతిలో గట్టిగా పట్టుకున్నాడు.

"అది గూడ ఇయ్యి చాచా. మెట్లు ఎక్కేటప్పుడు పడుతది."

"ఏ మెట్లు?"

"మనయి. నాకు లైసెన్స్ నోళ్లకే వచ్చింది. మైనానికి నువ్వే ఉండాలె. నోట్ల చెయ్యి నేను పెడుత, బయట పని నీది. ఎనుక రూము ఖాళీ చేయించిన."

ఖుద్దూస్ ఊపిరి పీల్చుకున్నాడు. ఊపిరి రాగానే బెట్టు కూడా వచ్చింది. "ఎనుక రూముల కూసోను. పరదా ఎనుక కూసుంటానికి నేనేమన్న మా వాజిదానా? రోడ్డు మొకాన కిటికీ ఉండాలె. నా బోర్డు గూడ రావాలె."

ముప్పై ఎనిమిది పళ్ల బొమ్మ డాక్టరు బోర్డు కిందికి వచ్చింది. మార్కండేయ ఆరు పళ్లకు సున్నం కొట్టించి ముప్పై రెండు చేయించాడు. వాన పడినప్పుడల్లా ఆ ఆరూ మళ్లీ బయటపడేవి.

మైనం తీసి గట్టిగా పోత పోశాక, శంకరమ్మ పళ్ల పరీక్ష మాత్రం ఫ్యాక్టరీకి పోయే చెరకు బండి దగ్గర జరిగింది. ఆమె నడుస్తున్న బండి లోంచి ఒక గడ లాగి, బండివాడు తిడుతుండగానే కణుపు కొరికి చూపించింది. "పాస్," అంది ఖుద్దూస్‌తో.

పదమూడేళ్లు అట్లా సాగింది. ఇతరుల నోట్లో చెయ్యి పెట్టకుండా ఉండటం ఖుద్దూస్‌కు ఎప్పుడూ అలవాటు కాలేదు. కిటికీలోంచి రోడ్డు మీద పోయేవాళ్ల దవడలు చూసి, "గాయన ఆర్నెల్లల్ల మెట్లెక్కుతడు" అని జోస్యం చెప్పేవాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక మార్కండేయే పళ్లు నాటేవాడు. నాటి, ఇరవై ఎనిమిదో పన్ను దగ్గర ఆగి, "చాచా, చాయ్ తెస్త" అని కిందికి దిగిపోయేవాడు.

శంకరమ్మ పళ్లు అరిగిపోయాయి. కొత్తవి మొత్తం తానే చేస్తానని ఖుద్దూస్ పట్టుబట్టాడు. నెల పట్టింది. వాటిని చూసి మార్కండేయ కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. శంకరమ్మ నోట్లో పెట్టుకుని అద్దం చూసుకుంది. ఏ పన్నూ ఏ పన్నుతోనూ మాట్లాడుకోవడం లేదు.

"ఒక్క పన్ను దిష్టికి పెట్టెటోనివి. ఈసారి అన్ని దిష్టికే పెట్టినవా అన్నా?"

"తీసెయ్యి అక్కా. డాక్టర్ సాబ్ మంచిగ చేస్తడు."

"ఎందుకు తీస్త? ఇగ నన్ను ఏ దయ్యం ముట్టది" అని అట్లాగే మెట్లు దిగి పోయింది.

ఆ వానకాలమే ఖుద్దూస్ పోయాడు. నలభయ్యో నాటి ఫాతిహా ప్రార్థనకు ఇల్లు పట్టనంత మంది ముసలివాళ్లు వచ్చారు. గోడల వెంట కూర్చుని, పెదాలు బిగించి, నేల చూపులు చూస్తున్నారు. ఎనభై దాటిన ఆత్మారాం పటేల్ కర్ర మీద గడ్డం ఆనించుకుని, ఏదో ఒకటి అనాలి కదా అని, "మంచి మనిషి. ఎప్పుడు కలిసినా యాపపుల్ల ముచ్చట అడిగేటోడు" అన్నాడు.

గడపలో కూర్చున్న శంకరమ్మ తల తిప్పింది. "పటేలా, గా ముచ్చట ఇయ్యాలన్న బందు పెట్టు. పైనుంచి ఆయన ఇంటున్నడు. చేసినోని ఇంట్లనే కూసోని చెట్టు పేరు చెప్పవడితివి."

పటేల్ మొహం ఎర్రబడింది. తర్వాత గడ్డం కింద కర్ర కదిలింది, భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతున్నాడు. పక్కవాడు నవ్వాడు. ఆ పక్కవాడు. నలభై రోజులుగా మూసుకున్న నోళ్లు గోడ వెంట ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి.

వాజిదా పరదా సందులోంచి చూసింది. ఏళ్ల తరబడి వినడమే కానీ అన్నీ ఒక్కచోట ఆమె ఎన్నడూ చూడలేదు. పై వరస, ఎడమ పక్క, పెద్ద ముందుపన్నును ఆనుకుని. ఒకటి, రెండు, మూడు అని వేళ్లు ముడవసాగింది. రెండు చేతులూ అయిపోయి మళ్లీ మొదలుపెట్టింది. గడప దగ్గర శంకరమ్మ కూడా నోరంతా తెరిచి నవ్వుతోంది. అక్కడికి వచ్చేసరికి ఎన్ని వేళ్లు ముడవాలో తెలియక వాజిదా ఆగిపోయింది.